కొత్త రాగం ఎవరిది?

పెద్దలు అప్పగించిన దాన్ని ఉన్నదున్నట్టు కాపాడటం ధర్మమా? లేక దానికి మన వంతు చేర్చి పిల్లలకు అందించడం ధర్మమా? ఇది పండితుల ప్రశ్న మాత్రమే అనుకోవద్దు. తండ్రి చేసిన సేద్యాన్ని కొడుకు మార్చబోయినప్పుడు, విచారణ గాయక బృందంలో పడుచువాళ్లు కొత్త బాణీ ఎత్తుకున్నప్పుడు మన మధ్య కూడా ఇదే తగవు లేస్తుంది. ఒకరు "తాతల నాటిది, ముట్టుకోవద్దు" అంటారు. ఇంకొకరు "కాలం మారింది" అంటారు. ఈ తగవులో న్యాయం ఎక్కడుందో తెలుసుకోవడానికి మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి జీవితం మనకు చాలా ఉపకరిస్తుంది.

ఆయన 1930 జూలై 6న నాటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఆమె కన్నుమూశారు. సంగీతజ్ఞుడైన తండ్రి పట్టాభిరామయ్య గారు ఆ బిడ్డను పెంచి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యరికంలో పెట్టారు. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పంతులు గారు. ఆ వరుసలో ఈ బాలుడిది అయిదో తరం. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వులు కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామం నుంచి తమిళదేశానికి వలస వెళ్లారని చెబుతారు. మన మెట్టనేల నుంచి పోయిన విత్తనం కావేరి ఒడ్డున పండి, తిరిగి కృష్ణ ఒడ్డుకు చేరిందన్నమాట!

కర్ణాటక సంగీతంలో ఏడు స్వరాలూ ఉన్న జనక రాగాలు 72. ఈ లెక్క 17వ శతాబ్దంలో వేంకటమఖి వేసినది. వాటిలో కొన్నే తరచుగా వినబడతాయి, మిగిలినవి చాలావరకు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. బాలమురళి కుర్రతనంలోనే ఆ 72 రాగాలనూ సాధించి, ఒక్కొక్క రాగంలో ఒక్కొక్క కృతి రచించారు. ఈ సంగతి మనం మరువరాదు. ఆయన కొత్తదనం అక్కడ మొదలయింది. ముందు పెద్దలు గీసిన పొలమంతా దున్నారు. గట్టు దాటడం ఆ తరువాతి మాట.

తరువాత ఆయన కొన్ని కొత్త రాగాలు ప్రకటించారు. మహతి రాగంలో నాలుగే స్వరాలున్నాయి: స, గ, ప, ని. లవంగిలో కూడా నాలుగే. మూడు స్వరాలతోనూ రాగాలు చేశారు. దీనిమీద పెద్ద దుమారం లేచింది. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలని సంప్రదాయం. అంత తక్కువ స్వరాలతో ఉన్నదాన్ని రాగమని ఎలా అంటారని కొందరు అడిగారు. కొత్త రాగం సృష్టించానని చెప్పుకోవడమే తగదని వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్ వంటివారు గట్టిగా ఆక్షేపించారు.

ఆ ఆక్షేపణను మనం తేలికగా కొట్టివేయకూడదు. కాపలా లేని చేను ఎవరికి దక్కుతుంది? నియమాన్ని గుర్తుచేసేవాడు లేకపోతే నేర్వని చేతగానితనం కూడా కొత్తదనమనే పేరు పెట్టుకుంటుంది. అయితే కాపలాదారుడు చేనుకు యజమాని కాడు.

ఇక్కడ పునీత తోమాసు అక్వినాసు వారి బోధ ఒకటి మనకు దారి చూపుతుంది. శూన్యం నుంచి సృష్టించడం దేవునికే చెల్లుతుంది. మనిషి ఏది చేసినా, అప్పటికే ఉన్నదానితోనే చేస్తాడు. స, గ, ప, ని అనే స్వరాలు బాలమురళి పుట్టకముందే ఉన్నాయి. వాటి మధ్య ఒక దారి ఉందని ఆయన కనిపెట్టి, నడిచి చూపించారు. అది గొప్ప పనే, కాని సృష్టి కాదు. లాం ఫారంలో శాస్త్రజ్ఞులు తయారుచేసే కొత్త మిరప రకం కూడా ఉన్న రకాల నుంచి వచ్చేదే గదా! ఇలా ఆలోచిస్తే "ఇది నాదే" అనే కొత్తవాడి గర్వానికీ, "ఇది మాదే" అనే పాతవాడి పట్టుదలకూ చోటుండదు. ఇద్దరూ పుచ్చుకున్నవారే.

కొత్తది మంచిదో కాదో తేల్చేదెవరు? కొంతవరకు కాలం, కొంతవరకు జనం. 1975లో వచ్చిన "అపూర్వ రాగంగళ్" అనే తమిళ సినిమాలో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతి రాగంలో పాట కట్టగా ఏసుదాస్ పాడారు. కనిపెట్టినవాడి గొంతు దాటి, ఆ రాగం నలుగురిదీ అయింది.

బాలమురళి విద్యను దాచుకోలేదు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆకాశవాణి భక్తిరంజని ద్వారా ఆయన గొంతు తెల్లవారుజామున పల్లెపల్లెకూ చేరింది. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 2016 నవంబరు 22న చెన్నైలో మరణించారు. శిష్యులు నేటికీ పాడుతున్నారు.

ఇంకొక విషయం గమనించండి. ఆ గురుపరంపరలో విద్య తండ్రి నుంచి కొడుక్కు ఆస్తిలా రాలేదు, గురువు నుంచి శిష్యుడికి వచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు ముస్లిములు. తంజావూరు బాణీని శ్రమపడి నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, శిష్యులను తయారుచేశారు. సంప్రదాయానికి వారసుడు దాన్ని కష్టపడి నేర్చినవాడే.

కనుక ప్రియ పాఠకులారా, తగవు వచ్చినప్పుడు ఎవరికి వారు ఒక ప్రశ్న వేసుకుందాం. పడుచువాళ్లారా, మార్చాలనుకుంటున్న దాన్ని మీరు ముందు పూర్తిగా నేర్చుకున్నారా? పెద్దలారా, కాపాడుతున్నామంటున్న దాన్ని మీరు ఎవరికైనా పూర్తిగా నేర్పారా? కల్లంలో మేలైన కాయలు ఏరి విత్తనానికి పక్కన పెట్టే రైతు, ఆ విత్తనాన్ని పెట్టెలో దాచి మురిసిపోడు. అదునులో మట్టిలో వేస్తాడు. మొలక తాను అనుకున్నట్టే వస్తుందని హామీ లేకపోయినా వేస్తాడు.