పొత్తిగుడ్డలు

మా అమ్మాయి ఫోన్‌లో ఒక గది బొమ్మ పంపింది. లేత నీలం గోడ, దాని మీద తెల్ల మబ్బులు, కిటికీ పక్కన కటకటాల కర్ర మంచం, దాని దగ్గర పాలిచ్చే తల్లి కూర్చోవడానికి ఊగే కుర్చీ. కింద ఒక్క మాట రాసింది: "అమ్మా, మన ఉత్తరం గది ఇలా చేయొచ్చా?" తొలి కాన్పు కాబట్టి వచ్చే నెల పురిటికి రాజమండ్రి వస్తోంది. గది సిద్ధం చేయాల్సింది నేను.

బొమ్మ మా అమ్మకి చూపించాను. ఎనభై దాటిన మనిషి. శుక్లాలు తీయించినా చూపు అంతంత మాత్రమే. ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసి, మళ్లీ నా చేతిలో పెట్టేసింది. "బూజు దులిపించు, సున్నం వేయించు. చాలు. ఉయ్యాల మాత్రం ఇప్పుడు తేకు" అంది.

ఈ మాట మన ఇళ్లలో కొత్తది కాదు. బిడ్డ కడుపులో ఉండగా ఉయ్యాల కొనకూడదు, చొక్కా కుట్టించకూడదు, పేరు అనుకున్నా పైకి అనకూడదు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. చిన్నప్పుడు ఊపి నేను దెబ్బలు తిన్నాను. ఎందుకు ఊపకూడదంటే "ఊపకూడదంతే" అనేవాళ్లు. మా అమ్మాయికి అది మూఢనమ్మకం. చాలాకాలం నాకూ అంతే. అటక మీది పాత టేకు ఉయ్యాల దింపించాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

అందులో నేను పెరిగాను, నా తమ్ముడు పెరిగాడు, మా అమ్మాయి పెరిగింది. 1995లో దానికి ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేయించాం. పళ్లొచ్చే రోజుల్లో అమ్మాయి అంచు కొరికిన గాట్లు ఇప్పటికీ వేలికి తగులుతాయి. నేను సంబరంగా వడ్రంగిని పిలిచాను. అతను రంగు గీకి కొత్తది వేస్తానన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజుల్లో రంగుల్లో సీసం కలిసేదని. ఇళ్లకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించి సీసం ఉండకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. పాత రంగు గీకితే లేచే దుమ్ము పసిబిడ్డ మెదడుకు చేటు. గీకకుండా వాడితే, రేపు పుట్టే బిడ్డ మళ్లీ ఆ అంచే కొరుకుతుంది. నా బిడ్డని నేను ఊపిన ఉయ్యాల నా మనవడికి పనికిరాదని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

అమ్మ బాధపడుతుందని భయపడుతూ చెప్పాను. "పోనీలే" అంది. "దాన్ని చూస్తే నాకెప్పుడూ మనసు బాగుండేది కాదు."

నాకంటే ముందు ఒక అన్న పుట్టి పోయాడని నాకు తెలుసు. ఉయ్యాల సంగతి తెలియదు. అమ్మ తొలి కాన్పుకి తాతయ్య సంబరపడి, నెల ముందే టేకుతో ఉయ్యాల చేయించాడట. బిడ్డ పదకొండో రోజున పోయాడు. బారసాలకు ఇంకా పది రోజులుంది. ఉయ్యాల వసారాలో ఉండిపోయింది. ఇస్తామన్నా ఎవరూ పట్టుకెళ్లరు. విరగ్గొట్టి పొయ్యిలో పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. "రెండేళ్లు, నువ్వు పుట్టేదాకా, గాలేస్తే అదే ఊగేది" అంది అమ్మ. అరవై ఏళ్ల కింద పోయిన పిల్లాడి గురించి ఆమె నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. దాదాపు ఎనిమిది మందికి ఒకరు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. మా అమ్మకి ఈ లెక్క తెలియదు. ఆ లెక్కలో ఉన్నది తనే. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, విరేచనాలకు ఉప్పు పంచదార నీళ్లు, ఇవన్నీ వచ్చాకే కడుపుతో ఉన్న పిల్ల రెండు నెలల ముందు గోడ మీది మబ్బులను తలచుకోగలుగుతోంది. నా కూతురి నమ్మకాన్ని తొందరపాటు అనను. దాన్ని ఎంతో కష్టపడి సంపాదించుకున్నాం. ఇంకా కొందరి ఇళ్లలో ఖాళీ ఉయ్యాలలు ఊగుతూనే ఉన్నాయి.

గది పని మొదలుపెట్టాక ఒక్కొక్కటే తెలిసి వస్తోంది. అప్పుడే పుట్టిన బిడ్డ కంటికి స్పష్టంగా ఆనేది ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరమే. మన కొలతలో జానెడు, కాకపోతే ఇంకో నాలుగు వేళ్లు. రొమ్ము దగ్గరి నుంచి తల్లి మొహానికి ఉండే దూరం అది. ఆ వెనక గోడ నీలమైనా పసుపైనా వాడికి మసకే. ఇక పడక సంగతికొస్తే, కనీసం ఆరు నెలలు బిడ్డ తల్లి గదిలోనే, వేరే చదునైన గట్టి పరుపు మీద, వెల్లకిలా పడుకోవాలని, దిండ్లూ మెత్తటి బొమ్మలూ పక్కన ఉండకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. అంటే బొమ్మలోని ఆ విడి గది అక్కడి పిల్లలకే మొదట్లో అక్కర్లేదు. అందుకని తల్లి మంచాన్ని ఆనుకుని చిన్న పడక ఒకటి చేయిస్తున్నాను. చీర ఉయ్యాలలో బిడ్డ వీపు వంగి గడ్డం రొమ్ముకి ఆనుతుంది కాబట్టి, రాత్రి నిద్రకి అదీ వద్దు. బారసాల నాడు మాత్రం శ్లాబు కొక్కేనికి చీర కట్టి, అందరం చుట్టూ నిలబడి బిడ్డని కాసేపు అందులో వేస్తాం. ఆ కాసేపు నేను వదులుకోలేను.

మొన్న మధ్యాహ్నం చర్రుమని గుడ్డ చింపుతున్న చప్పుడు వినబడి అమ్మ గదిలోకి వెళ్లాను. నేల మీద కూర్చుని నాన్న పంచెలు చింపుతోంది. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ పంచెలు ఇన్నాళ్లూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ నూలు. అంచులు మడిచి కుట్టలేదు, కుట్టు పసి ఒంటికి ఒరుసుకుంటుందట. పక్కన అప్పటికే రెండు డజన్ల ముక్కలు దొంతరగా పేర్చి ఉన్నాయి. "ఏమిటమ్మా ఇవి?" అన్నాను. "ఏముంది, పాత గుడ్డలు" అంది, తలెత్తకుండా.

పొత్తిగుడ్డలని ఆమె అనలేదు. నేనూ అనలేదు. అంటే మా ముసలివాళ్లు ముందుగా ఏమీ సిద్ధం చేయలేదనుకోవడం నా పొరపాటు. వాళ్లూ చేశారు. కాకపోతే, అనుకున్నది జరగకపోతే మళ్లీ మామూలు వస్తువైపోయే వాటినే సిద్ధం చేశారు. చింపిన పంచె గిన్నె తుడుచుకోవడానికి పనికొస్తుంది, దీపపు వత్తి అవుతుంది, ఎవరినీ ఏమీ అడగదు. ఉయ్యాల అలా కాదు. అది ఇంకేమీ కాలేదు. రెండేళ్లు దాన్ని చూస్తూ బతికిన మనిషి నాకు "తేకు" అని చెప్పింది.

నా దొంగతనం నేను చెప్పలేదు. కిందటి నెల అనకాపల్లి వైపు పెళ్లికెళ్లినప్పుడు ఏటికొప్పాకలో ఆగి ఒక గిలక్కాయ కొన్నాను. అంకుడు కర్ర, లక్క పూత, పసుపుతోనూ జాఫ్రా గింజలతోనూ తీసిన రంగులు. బీరువాలో పట్టుచీరల మడతల మధ్య దాచాను. బీరువా తెరిచినప్పుడల్లా ఒకసారి చిన్నగా మోగిస్తాను.

నిన్న పెయింటర్ వచ్చాడు. సీసం లేని రంగేనా అని డబ్బా మీద చదివించుకున్నాను. అమ్మ గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడింది. "ఆ పిల్ల మబ్బులని ఏదో అందిగా, అవి వేస్తాడా ఇతను?" అని అడిగింది. వేస్తాడన్నాను.

"కాస్త పెద్దవి వేయమను. నాక్కూడా కనబడాలి."