మోకు కట్టిన చేయి – లాగిన కొమ్ము

శ్రీమన్నారాయణుని దశావతారములలో మొదటిది మత్స్యావతారము. ఆ మూర్తి మూలవిరాట్టుగా పూజలందుకొను ఆలయములు మిక్కిలి అరుదు. వానిలో నొకటి నాగలాపురమందలి శ్రీ వేదనారాయణస్వామి ఆలయము. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు తన తల్లియైన నాగలాంబ పేర ఈ గ్రామమును వెలయించి, ఆలయమును నిర్మింపజేసెనని ప్రసిద్ధి. చిరకాలము చిత్తూరు జిల్లాలో నుండిన ఈ క్షేత్రము 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఏటా మార్చి మాసమున సాయంసంధ్యవేళ సూర్యకిరణములు గర్భాలయములోనికి ప్రసరించి, స్వామి పాదములు మొదలు కిరీటము వరకు దినక్రమమున స్పృశించును.

మత్స్యావతార కథ శ్రీమద్భాగవతము అష్టమ స్కంధములో నున్నది. ద్రవిడ దేశాధీశుడైన సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా దోసిట నొక చేపపిల్ల పడినది. దానిని కలశములో నుంచెను, కలశము చాలలేదు. మడుగులో విడిచెను, మడుగును చాలలేదు. తుదకు సముద్రమునకు చేర్చెను. నాటికి ఏడవ దినమున ప్రళయము రానున్నదనియు, నావ యొకటి వచ్చుననియు, ఓషధులతోను బీజములతోను సప్తర్షులతోను దాని నెక్కుమనియు, పెనుగాలికి నావ ఊగినపుడు వాసుకిని త్రాడుగా జేసి తన కొమ్మునకు కట్టుమనియు స్వామి ఆనతిచ్చెను. బ్రహ్మరాత్రి గడచువరకు ఆ నావను లాగుచు స్వామి మహాసముద్రమున సంచరించెను.

ఒక నావను వేరొకటి లాగుట యెంత కష్టమో నీటి పనివారి నడిగిన తెలియును. మరపడవ వెనుక చిన్న దోనెను కట్టి వేగముగా పోవునపుడు సరంగు పలు జాగ్రత్తలు పాటింపవలెను. మోకును దోనె అణియమున, అనగా ముందుభాగమున, నీటికి దగ్గరగా క్రిందుగా కట్టవలెను. అపుడు లాగుడుకు ముక్కు పైకి లేచును. బరువు వెనుకకు సర్దవలెను. మరపడవ వెనుక లేచు అల యొక్క వెనుకవాలుపై దోనె ఎగబ్రాకుచున్నట్లు మోకు పొడవును సరిచూడవలెను. ముందువాలుపై నున్నచో దోనె జారి వచ్చి పెద్దపడవను గ్రుద్దును. ఒక్కమారుగా వేగము పెంచినచో మోకు తెగును, లేదా కట్టిన కడియము ఊడును. వేగము తగ్గించునపుడు మోకును లోనికి లాగుకొననిచో మర రెక్కలకు చుట్టుకొనును. కావున ముందుకు నడుపువాడు మాటిమాటికి వెనుకకు చూచుచుండవలెను.

ఇప్పుడు కథను మరల పరికింతము. భాగవతము చెప్పిన మత్స్యము లక్షయోజనముల దేహము గలది. అంతటి శక్తి తన వేగమున తాను పోయినచో ఆ నావ నిలుచునా? నిలువదు. కాని నావలోని రాజును ఋషులును ఆ ప్రయాణములోనే స్వామి నోట తత్త్వోపదేశము వినిరి. వినగలిగినంత నెమ్మదిగా లాగెనన్నమాట. సర్వశక్తుడు తన శక్తిని ఆశ్రితుల ఓపికకు కుదించుకొనుటయే సౌలభ్యము.

మరి జీవుడు చేయవలసిన దేమియు లేదా యని సందేహము కలుగవచ్చును. సత్యవ్రతుడు తెడ్డు వేయలేదు. వేసినను ప్రళయజలములలో ఫలము లేదు. నావ స్వామి పంపినది, త్రాడు స్వామి చూపినది, కొమ్ము స్వామిది. ముడి వేసిన చేయి మాత్రము రాజుది. ఆ ముడియే శరణాగతి. అది గమ్యమును చేర్చు బలము కాదు. లాగువానికి తన్ను అప్పగించుకొను అంగీకారము.

ఈ కథ గృహస్థులకు, ముఖ్యముగా ఇంటి పెద్దలకు, మరియొక పాఠము చెప్పుచున్నది. భక్తిలో ముందడుగు వేసిన పెద్ద, తన ఉపవాసములను నియమములను ఇంటిల్లిపాదిపై ఒక్కమారుగా మోపినచో త్రాడు తెగును. బిడ్డలు దూరమగుదురు, పూజామందిరములో దీపమున్నను దానిచుట్టు చేరువారుండరు. పూర్తిగా వదలివేసినను త్రాడు చిక్కుపడును. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు ఎక్కు యాత్రికుల గుంపును చూడుడు. గాలిగోపురము చేరువరకు వెనుకకు చూడని యువకుడు కొండ ఎక్కును గాని, తల్లిని ఎక్కింపలేడు. ఆమె ఆగినచోట ఆగి, లేచినపుడు లేచువాడు ఇరువురను స్వామి సన్నిధికి చేర్చును.

శతపథ బ్రాహ్మణమునందును ఈ కథ కలదు. నావ ఉత్తరగిరిని చేరిన పిమ్మట, నీరు తగ్గిన కొలది మెల్లమెల్లగా దిగుమని మత్స్యము మనువునకు చెప్పినది. ఆపద గడచిన పిదపను తొందర తగదని భావము.

నాగలాపురమున స్వామిని దర్శించు భక్తులు ముడి గట్టిగా వేయు బుద్ధిని, తమ్ము నమ్మి వెనుక వచ్చువారిని తెగకుండ నడుపు ఓర్పును ప్రార్థింతురుగాక. శ్రీ వేదనారాయణుడు ఎల్లరను ఒడ్డు చేర్చుగాక!