మాటకు మర్యాద, మనిషికి గౌరవము

"నోరు మంచిదైతే ఊరు మంచిది" యని మన పెద్దలు చెప్పుదురు. కాని ఊరే మనలను పరాయివారనినచో నోటిని మంచిగా నుంచుకొనుట యెట్లు? తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములందు తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. "వందేఱి", అనగా ఎక్కడనుండియో వచ్చి చేరినవాడు, అను తమిళపదమును వినని వారు మనలో అరుదు.

ఆ మాటకు చరిత్రయే సమాధానము చెప్పగలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగముగా అందు చేరెను. మ.పొ. శివజ్ఞానము ప్రభృతులు తిరుత్తణికై ఉద్యమము సలిపిరి. పటాస్కరు మధ్యవర్తిత్వము పిమ్మట, 1959 నాటి శాసనము ననుసరించి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరెను. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. నాడు కదలినది ఎల్లగీతయే గాని, మనుష్యులు కారు.

అయితే ఈ సమాధానమును ఎదుటివానిపై రాయివలె విసరరాదు. ఆ యేడేండ్లు ఇచ్చటి తమిళులు కూడ తమ భాష ఏమగునో యని భయపడినవారే. వారి భయమును ముందుగా విని, పిమ్మట మన నొప్పిని చెప్పినచో సంభాషణము సాగును. "ఈ మాట నన్ను నొప్పించినది" యనుట యొకటి. "నీవు దుర్మార్గుడవు" అనుట వేఱొకటి. మొదటిదానికి జవాబు దొరకును. రెండవదానికి తగవే దొరకును.

ఇంతకన్న కష్టమైనది మనలను మనము ప్రశ్నించుకొనుట. "అరవగోల" యని మన యిండ్లలో నవ్వుకొనుట లేదా? నా బాల్యమున మా వీధి నూడ్చిన వృద్ధుడు అరుంధతీయుడు. అతని యింటిభాషయు తెలుగే. మా యింట అతనికి చెంబు నందింపక, ఎత్తునుండి దోసిట నీరు పోసెడివారు. ఉగాదికి ఊరిలోని తెలుగు కుటుంబముల జాబితా వ్రాసినప్పుడు అతని యిల్లు అందు లేదు. భాషకు గౌరవము కోరిన మేము ఆ భాష పలికిన మనిషికి గౌరవ మీయలేదు. దానికి నేడును సిగ్గుపడుచున్నాను.

1965 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జాతివివక్షను నిర్వచించుచు, వర్ణముతోపాటు వంశమును గూడ పేర్కొన్నది. పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేయుట ఎచ్చట జరిగినను దాని స్వభావ మొక్కటియే.

మఱి అవమానింపబడినవాడే ఎల్లప్పుడు ఓర్పుతో మాటలాడవలెనా? కాదు. అస్పృశ్యతను రాజ్యాంగము 17వ అధికరణమున నిషేధించినది. న్యాయము మన మంచిమాటలకై వేచియుండ నక్కఱలేదు. సంభాషణము చట్టమునకు బదులు గాదు. అందువలననే మొదట వినవలసినవాడు బలము గలవాడు. తమిళ సోదరుని యెదుట మనము అల్పసంఖ్యాకులము. అరుంధతీయుని యెదుట మనమే బలవంతులము. మొదటి చోట మనము కోరు మర్యాదను రెండవ చోట మనమే ముందుగా చూపవలెను.

ఆడికృత్తికకు తిరుత్తణి కొండ యెక్కు కావడి భక్తులను నీ భాష యేదని ఎవ్వరును అడుగరు. 365 మెట్లు అందఱికిని సమానమే. కొండ దిగిన పిమ్మట కూడ ఆ సమత్వము నిలుచుట మన మాటతీరుపై నాధారపడియున్నది. రాబోవు ఉగాదికి జాబితా వ్రాయువారు ఆ విడిచిన యింటి తలుపును ముందుగా తట్టుదురు గాక.