చీపురు పట్టిన చేతికి శిక్షణ ఎందుకు?



మన పిల్లల్లో కొందరు ఈమధ్య శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా చదువుతున్నారు. సంతోషించదగిన సంగతే. బెంగుళూరులో గాని, చెన్నైలో గాని మన తెలుగువారు అనేకులు తరతరాలుగా పట్టణ పారిశుధ్యపు పనిలోనే ఉన్నారు. తాత చీపురు పట్టాడు, తండ్రి బండి తోశాడు, ఇప్పుడు మనుమడు హాజరు పుస్తకం పట్టబోతున్నాడు. అయితే ఈ సంతోషంలో ఒక ప్రశ్న దాగి ఉంది.

పని చేయించేవారికి శిక్షణ కావాలని మన దేశం ఏనాడో ఒప్పుకుంది. బొంబాయిలో 1926లో స్థాపించబడిన అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ ఈ ఇన్‌స్పెక్టర్ కోర్సును నడుపుతూ వచ్చింది. అంటురోగాలు, మంచినీటి శుద్ధి, దోమల నివారణ, చట్టాలు, ఇవన్నీ నేర్పి పట్టా ఇస్తారు. మరి మురుగులో చేయి పెట్టేవారికి? వాళ్లకు నేర్పేదేముంది, పుట్టుకతోనే వచ్చు కదా అనుకున్నారు. ఈ మాట ఎవరూ కాగితం మీద వ్రాయలేదు గాని, పనిలో చేరిన నాడే చీపురు, గంప చేతికిచ్చి వీధి చూపించడంలో ఆ మాటే ఉంది. కులాన్నే అర్హతగా ఎంచినచోట శిక్షణ ఎవరికి గుర్తుకు వస్తుంది?

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడిని. మాకు ముందు పాఠ్య పథకం వ్రాయించారు, తరువాత పెద్దల నమూనా పాఠం చూపించారు, ఆ పిమ్మటే సుద్దముక్క ఇచ్చారు. తరగతిలో పొరపాటు జరిగితే పిల్లవాడికి ఒక మార్కు పోతుంది. మ్యాన్‌హోల్ దగ్గర జరిగితే మనిషే పోతాడు.

అనుభవమే చాలును అనేవారున్నారు. ఈ పనిలో అనుభవం మోసం చేస్తుంది. మురుగు కుళ్లినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు నూరు పాళ్లకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, ఇక భయం లేదనుకొని దిగినవాడు అక్కడే పడిపోతాడు. గాలికంటె బరువైనది గనుక అది గుంట అడుగున నిలిచి ఉంటుంది. పైనున్నవాడు ఏం చేస్తాడు? లోపల పడినవాడు అన్నో, బావమరిదో అయి ఉంటాడు. క్షణం ఆగకుండా దిగుతాడు. అతడూ పైకి రాడు. ఇట్టి మరణాలు ఇద్దరు, ముగ్గురు చొప్పున పత్రికల్లో కనబడటానికి కారణం ఇదే. దిగినవాని ప్రేమను తక్కువ చేసే ధైర్యం నాకు లేదు. అయినా అతనికి ముందుగా నేర్పవలసిన పాఠం మాత్రం దిగవద్దనే. పైనుండే తాడుతో లాగాలి, లోపలికి గాలి పంపాలి, అగ్నిమాపక దళాన్ని పిలవాలి. కన్నతల్లి చెప్పినా ఆ క్షణంలో చెవికెక్కని మాట ఇది. ముందే పదిసార్లు చేయించి ఉండాలి.

అయితే శిక్షణ, తొడుగులు ఇస్తే మన బాధ్యత తీరినట్టేనా? చిక్కు ఇక్కడే ఉంది. 2013 నాటి చట్టం మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను అపాయకరంగా శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. ఏది అపాయకరమో ఆ చట్టం నిర్వచించిన తీరు చూడండి. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషి చేత చేయించేదే అపాయకరం. అనగా అవన్నీ ఇచ్చామని రుజువు చూపితే అదే గుంట, అదే మనిషి, నేరం లేదు! అప్పుడు ఆ శిక్షణ పత్రం పనివానికి కాక పని చేయించినవానికి కవచమవుతుంది. ఇది కొత్త సంగతి కాదు. 1957లో నియమించబడిన మల్కానీ కమిటీ నెత్తిమీది గంపకు బదులు చక్రాల బండి కావాలన్నది. దయగల సలహాయే. కొన్నిచోట్ల గంప దిగింది గాని పని మాత్రం ఆ కులాలవారి మీదనుండి దిగలేదు.

కోలారు బంగారు గనులలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు మెరుగైన గంప అడగలేదు, ఆ పాయిఖానాలే ఉండకూడదన్నారు. 2016లో వారికి మెగసెసే పురస్కారం లభించింది. వారి సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన వ్యాజ్యంలోనే 2014లో సుప్రీంకోర్టు, మురుగు గుంటల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని తీర్పు చెప్పింది. 2023లో మరొక వ్యాజ్యంలో దానిని 30 లక్షలు చేసింది. మ్యాన్‌హోల్ విషయంలో విల్సన్ గారి పక్షమే న్యాయమని నా అభిప్రాయం. అక్కడ మనిషికి నేర్పవలసినది యంత్రం నడపడం. హైదరాబాద్ జలమండలి 2017లో చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది కదా, మన పట్టణాల వీధులు అంతకంటె ఇరుకా?

వీధులు ఊడ్వడం, తడి చెత్త పొడి చెత్త వేరుచేయడం, ఆసుపత్రి చెత్తను రంగుల సంచులను బట్టి ఎత్తడం మాత్రం ఆగే పనులు కావు. వాటిలో మన తల్లులు, అక్కచెల్లెండ్రు ఎందరో ఉన్నారు. వాడిన సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో, పారే నీటితో కడగాలి, వ్రేలు పిండకూడదు, హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందు 72 గంటలలోపే మొదలుపెట్టాలి. ఇది తెలుసుకోవడం వారి హక్కు. దీనికి డిప్లొమా అక్కరలేదు, పావుగంట చాలు.

డిప్లొమా ముగించిన ఒక యౌవనస్థుడు నన్నడిగాడు: “మాస్టారూ, మా వార్డుకే వేస్తే మా మేనమామకే నేను హాజరు వేయాలి. ఆయన ఆలస్యంగా వస్తే ఏం చేయను?”

“హాజరు సంగతి తరువాత, నాయనా. నీ నోట్సులో ఉన్నది మీ మామకు ఇన్నేళ్లలో ఎవరైనా చెప్పారా? ముందు అది చెప్పు. ఏ కాలువ ఎక్కడ పూడుతుందో ఆయనను అడిగి నువ్వు వ్రాసుకో” అన్నాను.

“నన్ను ఎత్తుకొని తిప్పినాయన, నా పాఠం వింటాడా అండీ?”

వినకపోవచ్చు. ఒక్కరికే చెప్పితే నామోషీగా ఉంటుంది, పదిమందితో కూర్చుంటే ఉండదు. కార్పొరేషన్‌వారికి తీరిక లేకపోతే, ఆదివారం మధ్యాహ్నం మన మందిరం వెనుక గది ఖాళీగానే ఉంటుంది. నల్లబల్ల కూడ ఉంది.