వ్యాయామమా, శ్రమా? మణికట్టు యంత్రం లెక్కకు పశ్చిమ ప్రకాశం వేసే ప్రశ్న

ఉపోద్ఘాతం

మణికట్టుకు కట్టుకొనే ఆరోగ్య గడియారం పొద్దు గూకేసరికి ఒక తీర్పు చెబుతుంది: ఇన్ని అడుగులు, ఇన్ని నిమిషాల వ్యాయామం. చూసేవారికి ఆ సంఖ్య జ్వరమాని చూపే సంఖ్యలాగే తోస్తుంది. కాని జ్వరం ముందే ఒంట్లో ఉంటుంది. జ్వరమాని దాన్ని చూపుతుంది, అంతే. వ్యాయామం సంగతి అలాంటిది కాదు. కదలికల్లో దేనిని వ్యాయామమనాలో, దేనిని అనకూడదో ఎవరో ఒకరు ముందుగా నిర్ణయించి పెట్టనిదే యంత్రం దాన్ని లెక్కించలేదు. ఆ నిర్ణయానికి ఆధారమేమిటి, ఆ లెక్కను మనుషుల మీద ప్రయోగించినప్పుడు జరిగే అన్యాయమేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

పరిశీలనకు మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలతో కూడిన పశ్చిమ ప్రకాశాన్ని తీసుకోవడానికి కారణం ఉంది. వానను నమ్ముకొన్న కంది, మిరప, పత్తి సేద్యం, మార్కాపురం పలకల పని, నల్లమల అంచున జీవాల కాపు, వేసవిలో బిందెలతో నీళ్ళ మోత ఇక్కడి జీవనంలో భాగాలు. ఇక్కడ చాలామంది శరీరాలు రోజంతా కదులుతూనే ఉంటాయి. ఆ కదలికలో ఎంత భాగం యంత్రం కంటికి ఆనుతుందో చూస్తే యంత్రం స్వభావం తేటపడుతుంది.

యంత్రం లోపలి తీర్పు

గడియారంలోని త్వరణమాపకం మూడు దిశల్లో చేతి కదలికను పసిగడుతుంది. ఒకే లయలో, నడకకు సహజమైన వేగంతో, వరుసగా ఊపులు వస్తే వాటిని అడుగులుగా పరిగణిస్తుంది. అడుగున వెలిగే ఆకుపచ్చ దీపం చర్మం కింది రక్తప్రవాహాన్ని బట్టి నాడిని లెక్కిస్తుంది. వయసు, బరువు, ఎత్తు వినియోగదారు ముందే ఇచ్చి ఉంటాడు. ఈ కొద్దిపాటి ఆధారాలతో యంత్రం ఊహ చేయాలి. 2015లో వచ్చిన యాపిల్ గడియారం వడినడకకు సమానమైన, లేదా దాన్ని మించిన ప్రతి పూర్తి నిమిషాన్ని వ్యాయామంగా జమ కడుతుంది. ఫిట్‌బిట్ తనంతట తాను వ్యాయామాన్ని గుర్తించే ఏర్పాటులో, కదలిక పదిహేను నిమిషాలు ఎడతెగక సాగాలన్నది మొదటి నియమం. వినియోగదారు దానిని మార్చుకోవచ్చు.

ఈ నియమాల వెనుక శాస్త్రం లేకపోలేదు. ఊరక కూర్చున్న మనిషి ఖర్చు చేసే శక్తిని ఒక మెట్‌గా తీసుకొని, దానికి మూడు రెట్ల నుంచి ఆరు రెట్ల లోపు ఖర్చయ్యే పనులను మధ్యస్థమనీ, ఆరు, ఆపైన ఖర్చయ్యేవాటిని తీవ్రమనీ విభజించారు. 1993లో తొలిసారి వెలువడి, పలుమార్లు సవరణ పొందిన శారీరక కార్యకలాపాల పట్టికలో ఊడవడం, మోయడం, తవ్వడం వంటి పనులకు కూడా విలువలున్నాయి. అంటే శాస్త్రానికి శ్రమ తెలుసు. గడియారం చూపే ఎంపికల పట్టికలో మాత్రం పరుగు, ఈత, సైకిలు, యోగా, గోల్ఫ్ ఉంటాయి, కలుపుతీత ఉండదు. దానికి దక్కేది ‘ఇతరం’ అనే గడి. ప్రపంచంలో అత్యధికులు తరతరాలుగా చేస్తూ వచ్చిన పనులు ‘ఇతరం’ కావడం విడ్డూరమే.

మిరపచేలో కాయ కోసే మనిషిని తలచుకొంటే విషయం స్పష్టమవుతుంది. నడుము వంగి ఉంటుంది. వేళ్ళు చురుకుగా కదులుతాయి. మణికట్టు కదిలేది కొద్దిగా. చెట్టు దగ్గర ఆగి, రెండడుగులు వేసి, మళ్ళీ ఆగుతుంది. లయ లేదు కనుక ఆ అడుగుల్లో చాలా భాగం లెక్కకు రాదు. తలమీద బిందె పెట్టుకొని ఒక చేత్తో పట్టుకొన్నప్పుడు ఆ చేయి ఊగదు. యాపిల్ సంస్థ తన సూచనల్లో గడియారమున్న చేతిని సహజంగా ఊగనివ్వమని చెబుతుంది. నడకను వ్యాయామంగా చేసేవారికి అది సులువైన సలహా. బిందె మోసే మనిషి చేయి ఊపితే నీళ్ళు నేలపాలవుతాయి.

మార్కాపురం పలకల పనిలో ఈ వైచిత్రి మరింత సూక్ష్మంగా కనిపిస్తుంది. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. కూర్చొని, ఎడమచేత ఉలి నిలిపి, కుడిచేత సుత్తి వేసి పొర విడదీయాలి. గడియారాన్ని సాధారణంగా కట్టుకొనేది ఎడమచేతికి. అంటే కదలకుండా ఉండడమే నైపుణ్యమైన చేతిని చూసి యంత్రం ఆ మనిషి ఊరక కూర్చున్నాడని భావిస్తుంది. గంటకొకసారి లేచి నిలబడమని హెచ్చరిస్తుంది కూడా. ఇందుకు విరుద్ధంగా, గతుకుల రోడ్డు మీద బస్సు కుదుపులు, బండ మీద బట్టలు రుద్దే చేతి ఊపు అడుగులుగా నమోదయ్యే అవకాశమూ ఉంది. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల కీళ్ళు బిగుసుకుపోయినవారు ఈ ప్రాంతానికి కొత్త కాదు. కాళ్ళు ఈడ్చి మెల్లగా వేసే అడుగులను ఇలాంటి పరికరాలు తక్కువగా లెక్కిస్తాయి. ఎవరికి ఒక్కొక్క అడుగూ బరువో వారి అడుగులే లెక్కలో జారిపోతాయి.

మాటలోని మెలిక

ఇది కేవలం సాంకేతిక లోపమనీ, మెరుగైన పరికరం వస్తే తీరిపోతుందనీ అనవచ్చు. కాని చిక్కు యంత్రంలో కంటే ముందు మాటలో ఉంది. 1985లో కాస్పర్సన్, పావెల్, క్రిస్టెన్సన్ చేసిన నిర్వచనం ప్రజారోగ్య శాస్త్రంలో ప్రామాణికమైంది. దాని ప్రకారం కండరాల వల్ల జరిగి శక్తిని ఖర్చు చేసే ప్రతి కదలికా శారీరక కార్యకలాపమే. వ్యాయామం అందులో ఒక భాగం: ముందుగా అనుకొని, ఒక క్రమంలో, పదేపదే, దేహదారుఢ్యం కోసం చేసేది. ఇక్కడ ‘కోసం’ అన్న మాటే కీలకం. ఒకే చెరువుకట్ట మీద ఒకే వేగంతో ఇద్దరు నడవవచ్చు. ఒకరు చక్కెర వ్యాధి అదుపు కోసం, ఇంకొకరు తప్పిపోయిన గేదె కోసం. కదలికలో భేదం లేదు, ఉద్దేశంలో ఉంది. మణికట్టు మీది యంత్రానికి ఉద్దేశం కనబడదు. ఎడతెగని లయను, ఊగే చేతిని, పెరిగిన నాడిని అది ఉద్దేశానికి బదులుగా తీసుకొంటుంది. తీరిక ఉన్న మనిషి నడక ఏ రూపంలో ఉంటుందో ఆ రూపాన్నే వ్యాయామానికి గుర్తుగా పెట్టుకొన్నదన్నమాట.

మన శాస్త్ర వాఙ్మయంలోనూ ప్రయోజన దృష్టి ఉంది. చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం, స్థైర్యం కోసం చేసేదీ, బలాన్ని పెంచేదీ అయిన శరీర చేష్టను వ్యాయామమని చెప్పి, దాన్ని మాత్ర మీరకుండా చేయమంటుంది. మితిమీరిన వ్యాయామం వల్ల కలిగే బాధల్లో అది మొదట పేర్కొన్నది ‘శ్రమ’. అక్కడ శ్రమ అంటే అలసట. తెలుగులో అదే మాట పనికీ, పనివల్ల కలిగే అలసటకూ రెంటికీ నిలిచింది. ‘కష్టం’ కూడా అంతే: రెక్కల కష్టం అన్నప్పుడు పని, కష్టాలు అన్నప్పుడు బాధ. మరోవైపు సాము, కసరత్తు, తాలింఖానా అన్న మాటలు వేరే స్థలాన్ని, వేరే వేళను సూచిస్తాయి. రెక్కాడితే గాని డొక్కాడని మనిషి రెక్కల ఆటను తెలుగు ఏనాడూ కసరత్తు అనలేదు. భాష పాటించిన ఈ భేదాన్ని తేలికగా తీసివేయరాదు.

లెక్కలో చేర్చడమా, వదలడమా?

ఇక్కడ రెండు సులభమైన సమాధానాలు ఎదురవుతాయి. శ్రమను కూడా వ్యాయామంగా లెక్కించాలన్నది మొదటిది. దీనికి చరిత్ర బలం ఉంది. వ్యాయామ శాస్త్రమే ఒక విధంగా పనిమనుషుల శరీరాల నుంచి పుట్టింది. జెరెమీ మోరిస్ బృందం 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పరిశోధన సుమారు 31,000 మంది లండన్ రవాణా కార్మికులకు సంబంధించినది. రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చొని నడిపే డ్రైవర్ల కంటే గుండెజబ్బు తక్కువని అది చూపింది. అక్కడ ఆరోగ్యానికి హేతువుగా కనిపించింది ఉద్యోగంలోని కదలికే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పని, ప్రయాణం, ఇంటిచాకిరీ, తీరిక అన్నింటిలోని కదలికనూ శారీరక కార్యకలాపంగానే గుర్తిస్తుంది. కదలిక ఏకబిగిన కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతును 2020 మార్గదర్శకాల్లో తొలగించింది.

అయినా ఈ సమాధానం పూర్తిగా నిలవదు. ట్యాంకరు రాని రోజున దూరం నుంచి నీళ్ళు మోసిన స్త్రీ మణికట్టు మీద లక్ష్యం నెరవేరిందన్న అభినందన వెలిగితే అది ఎవరిని మెచ్చుకొన్నట్టు? నీళ్ళు లేకపోవడాన్నా? లేమి అక్కడ ఆరోగ్య సాధనగా పేరు మార్చుకొంటుంది. పైగా శ్రమ అన్ని సందర్భాల్లో వ్యాయామ ఫలం ఇవ్వదు. డెన్మార్కుకు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్, సహ పరిశోధకులు ‘శారీరక కార్యకలాప వైరుధ్యం’ అని పిలిచిన అంశం ఇదే: తీరికవేళ కదలిక మేలు చేసినంతగా కొలువులోని కదలిక చేయదు, కొన్నిచోట్ల కీడు చేస్తుంది. వ్యాయామం కొద్దిసేపుండి విశ్రాంతికి చోటిస్తుంది. కూలిపని గంటల తరబడి సాగుతుంది, వేగం పనిచేసేవారి చేతిలో ఉండదు. ఈ పరిశోధన మీద వాదోపవాదాలున్నాయి. కాని విశ్రాంతిని గురించి అది లేవనెత్తిన ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు.

ఎండాకాలం ఈ ప్రశ్నను మరింత కఠినం చేస్తుంది. వేడిలో చర్మానికి రక్తం ఎక్కువ పంపవలసి రావడం వల్ల, చేసే పని అంతే అయినా గుండె వేగం హెచ్చుతుంది. మే నెలలో పశ్చిమ ప్రకాశం ఎండలో మట్టి తవ్వే మనిషి నాడి చూసి, గడియారం ఆ నిమిషాలను ఉదారంగా జమ కట్టవచ్చు. వడదెబ్బకు ముందటి హెచ్చరిక యంత్రం ఖాతాలో ఘనతగా చేరుతుంది. లెక్కలోకి రాకపోవడం ఒక అన్యాయమైతే, ఈ విధంగా లెక్కలోకి రావడం ప్రమాదం.

శ్రమ వ్యాయామం కాదు కనుక యంత్రం సున్నా చూపడం సబబే అన్నది రెండవ సమాధానం. నిర్వచనరీత్యా దీనిని తప్పు పట్టలేం. అయితే ఆ సున్నా నిర్వచనంలోనే కూర్చోదు; అది వైద్యుని బల్ల మీదికి, ఇంటిలోని మాటల్లోకి వస్తుంది. కూలికి వెళ్ళే స్త్రీకి చక్కెర వ్యాధి బయటపడినప్పుడు వినిపించే సలహా ‘రోజూ నడవాలమ్మా’. ఆమె జవాబు సాధారణంగా ‘పొద్దస్తమానం తిరుగుతానే ఉన్నా గదయ్యా’. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆమె శరీరం కదిలింది. ఆమె కోసం కదలలేదు. బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కొడుకు ప్రేమతో గడియారం కొని పంపాడనుకొంటే, రాత్రి ఫోనులో అతడు చూసే తక్కువ సంఖ్య ‘అమ్మా, నువ్వు కదలడం లేదు’ అన్న మాటగా మారవచ్చు. ఒక ప్రశ్నకు పుట్టిన సంఖ్య ఇంకొక ప్రశ్నకు జవాబుగా వాడుకలోకి రావడమే ఇక్కడి దోషం. వ్యాయామం కోసం సమయం దొరికిందా అన్నది యంత్రం అడిగిన ప్రశ్న. ఈ మనిషి బద్ధకస్తురాలా, రోగానికి తానే కారణమా అన్నది ఇంట్లోవారు తీసుకొనే జవాబు.

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, కూలి లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. నిమిషాలను నిమిషాలుగా లెక్కించడం సాధ్యమేనని ఆ సర్వే చూపింది. గడియారం నిమిషాన్ని ముందు పరీక్షకు నిలబెడుతుంది. పరీక్షలో నెగ్గినదే నిమిషం. ఆ 299 నిమిషాల తరువాత మిగిలేదాన్ని బట్టి చూస్తే, ఈ స్త్రీకి కొరవడింది వ్యాయామం కంటే ముందు విశ్రాంతి. దాన్ని యంత్రం నిశ్చలత అని పేరుపెట్టి, లేచి నిలబడమంటుంది.

కొలత మీద వాదించే హక్కు

కొలత ఉన్నంతమాత్రాన అన్యాయం కాదు. ఈ ప్రాంతపు పల్లెలకు శరీర శ్రమను కొలవడం బాగా తెలుసు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనులను ఇక్కడ ఇప్పటికీ కరువుపని అంటారు. ఆ పనిలో కూలి తవ్విన మట్టి పరిమాణాన్ని బట్టి వచ్చేది. మెత్తనేల, గట్టినేల ఒకటి కాదని ధరలు వేరుగా ఉండేవి. ఎండ నెలల్లో తక్కువ పనికే అదే కూలి దక్కేలా వేసవి భత్యం ఉండేది. కూలీల జట్లకు పెట్టిన పేరు శ్రమశక్తి సంఘాలు. కొలతల్లో మోసాలు జరగలేదని కాదు. జరిగాయి కనుకనే సామాజిక తనిఖీ వచ్చింది. కొలతల పుస్తకంలోని అంకెను గ్రామసభలో చదివి వినిపించినప్పుడు, గుంత తవ్విన మనిషి లేచి అది తప్పని అనగలిగే చోటు ఉండేది. ఈ నేల గట్టిది, మీ ధర మెత్తనేలది అని చెప్పగలిగే చోటు.

గడియారం లెక్కకు అలాంటి సభ లేదు. ఏ ఊపు అడుగో, ఏ నాడి వ్యాయామమో తేల్చే సూత్రం సంస్థల వ్యాపార రహస్యం. అయినా ఆ లెక్క మారనిదేమీ కాదు. రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం 1965లో జపానులో యమాసా సంస్థ ‘మాన్‌పో-కే’ అనే అడుగులమాపకాన్ని అమ్మిననాటి పేరు నుంచి వచ్చింది. ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల కొలత. 2016లో చక్రాల కుర్చీ వాడేవారి కోసం యాపిల్ తన గడియారపు లెక్కను సవరించి, ‘లేచి నిలబడండి’ అన్న హెచ్చరికకు బదులు కుర్చీని కదిలించమనే హెచ్చరిక పెట్టింది. చేతులతో చక్రాన్ని తోసే తీరును విడిగా అధ్యయనం చేసిన తరువాతే అది సాధ్యపడింది. ఎవరి శరీరం కొలతకు ఆధారమో అడిగినవారు ఉన్నారు కాబట్టి ఆ సవరణ వచ్చింది. కాయ కోసే చేతిని, ఉలి పట్టిన చేతిని, బిందె పట్టిన చేతిని అలా అధ్యయనం చేయడానికి సాంకేతికమైన అడ్డంకి లేదు. ఆ చేతులు గడియారం కొనే చేతులు కాకపోవడం తప్ప. అధ్యయనం జరిగిన నాడు కూడా ఆ నిమిషాలకు వ్యాయామమనే పేరు అక్కరలేదు. శ్రమ అన్న గడి చాలు, దాని పక్కన విశ్రాంతి ఎంత దక్కిందో చెప్పే ఇంకొక గడితో.