ఊరు మారినవారి ఋణాలు

పశ్చిమ ప్రకాశంలో ఊరు విడిచి నగరానికి తరలాలా, ఉన్నచోటనే నిలవాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో కూలి, చదువు, వైద్యం అనే లెక్కలతోనే తేలుతున్నది. నల్లమలకు తూర్పున పరచుకున్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో సేద్యం చాలావరకు వాన మీదా బోరు మీదా ఆధారపడినది. వాన తప్పిన ఏడు బోరూ ఎండుతుంది; ఎండని చోట కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించిన ఫ్లోరైడు నీటిలో చేరి పళ్లనూ ఎముకలనూ పాడుచేసిన గ్రామాలు ఉన్నాయి. ఒకప్పుడు బడిపిల్లల చేతుల్లోకి పలకలను పంపిన మార్కాపురం గనులు నోటుపుస్తకాల కాలంలో ఆ గిరాకీని పోగొట్టుకున్నాయి. అందుచేత హైదరాబాదుకో బెంగళూరుకో గుంటూరుకో బేల్దారి పనికి, దుకాణంలో కొలువుకు, పిల్లల చదువుకు తరలిపోవడం ఇక్కడ వింత కాదు. ఆ లెక్కలు తప్పూ కాదు. ఆకలిని తక్కువచేసి మాట్లాడే తత్త్వచింతనకు ఈ నేల మీద విలువ లేదు. అయితే మనిషికి స్థలంతో ఉన్న సంబంధం ఎటువంటిది, ఊరు మారినప్పుడు ఏ బాధ్యతలు వెంట వస్తాయి, ఏవి వెనక ఉండిపోతాయి అన్న విచారణ ఆ లెక్కల్లో ఎక్కడా చేరదు. మత సంప్రదాయాలు మాత్రం దీనిని చాలా పూర్వమే గుర్తించాయి.

తెలుగు నాట పూజకు ముందు చెప్పుకొనే సంకల్పం ఇందుకు మొదటి సాక్ష్యం. సంకల్పమంటే కర్త తాను ఎవరో, ఏ కాలంలో, ఏ చోట కూర్చుని, ఏ కోరికతో ఆ కర్మ చేస్తున్నాడో ప్రకటించుకోవడం. అందులో స్థలాన్ని చెప్పే భాగం శ్రీశైలాన్ని ఆధారంగా తీసుకుని, ఆ క్షేత్రానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ కర్త ఉన్నాడో నిర్దేశిస్తుంది. గిద్దలూరులో కూర్చున్నవారు శ్రీశైలానికి దక్షిణాన ఉన్నామని, మార్కాపురంలో కూర్చున్నవారు ఆగ్నేయాన ఉన్నామని చెప్పుకోవాలి. అదే కుటుంబం హైదరాబాదుకు మారితే దిక్కు ఉత్తరమవుతుంది, గుంటూరుకు మారితే తూర్పవుతుంది. సొంత ఇల్లయితే స్వగృహమని, అద్దె ఇల్లయితే వసతిగృహమని చెప్పుకునే ఆచారం కూడా ఉన్నది. అంటే మనిషి కదులుతాడన్న సంగతిని ఈ విధి ముందే ఒప్పుకున్నది. అద్దె ఇంట్లో చేసిన పూజను అది తక్కువగా చూడలేదు. కదలనిదల్లా కొలతకు ఆధారమైన కొండ మాత్రమే. ఊరు మారినవాడు దైవానికి దూరమయ్యాడని బెంగపడేవారికి ఇంతకంటె గట్టి సమాధానం దొరకడం కష్టం.

ధర్మశాస్త్రాలు అన్నీ ఇంత ఉదారంగా లేవు. బౌధాయన ధర్మసూత్రం కళింగ, వంగ, సౌవీర మొదలైన కొన్ని దేశాలకు పోయి వచ్చినవారికి ప్రాయశ్చిత్తం విధించింది. కొన్ని నేలలే కర్మకు తగినవన్న ఆ భావన ఈనాడు ఎవరికీ దారి చూపదు, చూపకూడదు కూడా. దూరంగా ఉన్నవారి ఆశౌచం గురించి మనుస్మృతి చేసిన నిర్ణయం దానికంటె ఆలోచించదగినది. ఆశౌచమంటే దగ్గరి బంధువు మరణించినప్పుడు పాటించే మైల. దేశాంతరంలో ఉన్న జ్ఞాతి మరణవార్త పది రోజుల లోపల తెలిస్తే మిగిలిన రోజులే మైల. పది రోజులు దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటాక తెలిస్తే స్నానంతో శుద్ధి. దూరం, ఆలస్యం సంబంధాన్ని పలచబరుస్తాయని ఈ నియమం ఒప్పుకుంటుంది, కానీ ఎంత ఆలస్యమైనా ఒక్క స్నానమైనా చేయమంటుంది. అంటే పూర్తిగా తెగిపోయిందని ఎన్నడూ అనదు. వలసవెళ్లిన కుటుంబాల అనుభవం దీనికి చాలా దగ్గరగా ఉంటుంది.

కరవు తరిమినప్పుడు వెళ్లడం, మేలైన జీవితం కోరి వెళ్లడం ఒకటేనా అన్నది తరువాతి ప్రశ్న. మహాభారత శాంతిపర్వంలో ఆపద్ధర్మం అనే ప్రత్యేక భాగమే ఉన్నది. మామూలు కాలపు నియమాలు ప్రాణాపాయ కాలంలో సడలుతాయని చెప్పడం దాని ఉద్దేశం. పన్నెండేళ్ల అనావృష్టిలో విశ్వామిత్రుడంతటివాడు చండాలవాటికలో కుక్క మాంసానికి చేయిచాచిన కథ అందులోనిదే. ఆ కథను ఒప్పుకున్న సంప్రదాయం, నీళ్లు లేక ఇంటికి తాళం వేసిన రైతును ఊరు విడిచినవాడని నిందించజాలదు. మేలు కోరి వెళ్లినవారి విషయంలోనే విచారణ లోతుకు పోవాలి.

ఆ విచారణకు ఋణాల సిద్ధాంతం పనికివస్తుంది. మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడని, ఋషుల అప్పు అధ్యయనంతోను, దేవతల అప్పు యజ్ఞంతోను, పితరుల అప్పు సంతానంతోను తీరుతాయని తైత్తిరీయ సంహిత ఆనాటి బ్రాహ్మణుని ఉద్దేశించి చెప్పింది. శతపథ బ్రాహ్మణం ఈ మూడింటికి నాలుగవదిగా తోటి మనుషుల ఋణాన్ని చేర్చి, అతిథికి ఆశ్రయం, అన్నం ఇవ్వడంతో అది తీరుతుందన్నది. మొదటి మూడూ ఎక్కడైనా తీర్చగలిగినవి: చదువు నగరంలోనూ సాగుతుంది, పూజకు సంకల్పం దారి చూపింది, శ్రాద్ధం నది ఒడ్డునో ఇంటిలోనో పెట్టవచ్చు. నాలుగవదే ఊరిలో చిక్కుకుని ఉండిపోతుంది. పొరుగింటి పాడె మోయడం, కాన్పుకు తోడుగా కూర్చోవడం, అదునులో ఎడ్లను ఎరువివ్వడం, వృద్ధులను ఆసుపత్రికి తీసుకుపోవడం వంటివన్నీ పక్కన ఉన్నవారే చేయగలిగిన పనులు. ఫోనులో పంపిన డబ్బు మందులు కొనగలదు గాని రాత్రివేళ మంచం పక్కన కూర్చోలేదు. కనుక వలస లాభనష్టాలలో నిజమైన నష్టం వెళ్లినవారిది కాదు, మిగిలినవారిది. ఆ నిర్ణయం జరిగే చోట వారి మాట వినబడకపోవడమే ఇందులోని అధర్మం.

గ్రామదేవతల సంగతి కూడా ఇటువంటిదే. ఆగమశాస్త్రం ప్రకారం ప్రతిష్ఠించిన విగ్రహాన్ని తరలించవలసివస్తే కళాకర్షణ చేస్తారు. అంటే విగ్రహంలోని దైవకళను మంత్రపూర్వకంగా కలశంలోకి ఆవాహన చేసి, కొత్తచోట ప్రతిష్ఠ జరిగేవరకు అక్కడే పూజిస్తారు. శ్రీశైలం జలాశయం కింద మునగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. కేశవుడో ఈశ్వరుడో ఇలా కదలగలరు. పోలేరమ్మ, అంకమ్మ వంటి అమ్మవార్లు మాత్రం ఊరి పొలిమేరను, ఊరి జనాన్ని కాపాడడానికే ఉన్నవారు. కొలుపులకు, అంటే వారి జాతరలకు, జనం రావాలే తప్ప ఆ అమ్మవార్లు జనం వెంట నగరానికి పోరు. కొలుపుల నాడు, మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్ల నాడు దూరప్రాంతాల నుండి బస్సులెక్కి వచ్చేవారి భక్తిలో ఈ నాలుగవ ఋణపు స్పృహ ఉన్నది.

ఇంతవరకు చెప్పినదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేసి ఈ ప్రశ్నను తేల్చడం అన్యాయం. ఊరు అందరికీ ఒకే రీతిగా అమ్మ కాలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి నెలవని తీవ్రంగా విమర్శించాడు. ఊరి బావి నీళ్లు ముట్టరానివారి వైపు నుండి చూసిన చూపు అది. ఆ చూపుకు ఈ ప్రాంత చరిత్రలోనూ సాక్ష్యం ఉన్నది. 1876–78 నాటి ధాత కరవులో ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని, కరవు బాధితులకు పని కల్పించాడు. వారిలో మాదిగలు ఎక్కువ. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపి వచ్చే ఏరే ఈ గుండ్లకమ్మ. ఆకలి వల్లనా, విశ్వాసం వల్లనా అన్న వాదం ఎంతకాలమైనా సాగవచ్చు. ఊరి కట్టుబాటుకు వెలుపల, పని చేసినందుకు కూలి ముట్టే చోట, ఆ మనుషులు తమ గురించి తాము నిర్ణయించుకోగలిగారన్నది కాదనరానిది. నగరం ఈనాటికీ చాలామందికి ఇచ్చేది ఇదే. కులం అడగకుండా ఇల్లు అద్దెకిచ్చే నగరం ఇంకా రాలేదు గాని, పేటను బట్టి మనిషిని పిలిచే అలవాటు అక్కడ తగ్గింది. అందువల్ల వెళ్లేవాడిని ఊరికి ఏమి బాకీ ఉన్నావని అడిగే ముందు, ఊరు అతనికి ఏమి బాకీ ఉన్నదని అడగాలి. నాలుగవ ఋణం రెండు వైపులా రాసుకోవలసిన పద్దు.

వచ్చినవారిని చేర్చుకోవడం కూడా ఆ ఋణంలో భాగమేనని ఇస్లాం చరిత్ర స్పష్టంగా చెబుతుంది. క్రీ.శ. 622లో ప్రవక్త మక్కా నుండి మదీనాకు తరలిపోవడాన్ని హిజ్రత్ అంటారు. ముస్లింల కాలగణనకు మొదలు అదే. తరలివచ్చిన ముహాజిరులను ఆశ్రయమిచ్చిన అన్సారులతో ఒక్కొక్కరిని జతచేసి అన్నదమ్ములుగా ప్రవక్త ప్రకటించాడు. వలస ధర్మంలో సగం ఆతిథ్యధర్మమేనన్న మాట ఇందులో ఉన్నది.

ఈ ప్రాంతంలో ఆ మాటకు తక్షణ పరీక్ష వెలిగొండ ప్రాజెక్టు. 1996లో మొదటిసారి శంకుస్థాపన జరిగి, కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ పథకం కోసం నల్లమల గుండా 18.8 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన రెండు సొరంగాలలో ఒకదాని తవ్వకం 2021లో, రెండవదాని తవ్వకం 2024లో పూర్తయింది. శ్రీశైలం నుండి 43.5 టీఎంసీల నీటిని తెచ్చి సుమారు 4.47 లక్షల ఎకరాలకు పారించాలన్నది లక్ష్యం. ఆ నీరు నిలిచే నల్లమలసాగర్ కింద గొట్టిపడియ, సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వంటి ఊళ్లు మునిగిపోతాయి. ఆ ఊళ్లవారికి వెళ్లడమా ఉండడమా అన్న తూకమే లేదు. తిరిగివచ్చి కొలుపు చేయడానికి పొలిమేర మిగలదు, పెద్దలను పూడ్చిన నేల నీటి అడుగున ఉంటుంది. ఇక్కడ నాలుగవ ఋణాన్ని తీర్చవలసినవారు ఆ ఊళ్లవారు కాదు, ఆ నీటితో పంట పండించబోయే రైతులు, ఆ నీరు తాగబోయే పట్టణాలు. నష్టపరిహారం ప్రభుత్వం తీర్చే బాకీ; కొత్త కాలనీ పక్కనే ఉన్న ఊరివారు వారికి శ్మశానంలో చోటు ఇస్తారా, చెరువు గట్టున అమ్మవారిని నిలుపుకోనిస్తారా, పెళ్లి పందిట్లోకి, పాడె కిందికి వారిని పిలుస్తారా అన్నది ఏ ఉత్తర్వూ చెప్పలేనిది, మార్కాపురం, పెదారవీడు, అర్ధవీడు మండలాల ప్రజలే చెప్పవలసినది.