రూతు మిగిల్చిన పేలాలు

ధ్యానభాగము: రూతు 2:14–18



శ్రమకాల దినములలో మాంసము మానుకొనుట మన కుటుంబములలో అనేకులకు అలవాటు. కొందరు గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి సహితము విడిచిపెడతారు. మంచిదే. అయితే తెల్లవారుజామున పొయ్యి వెలిగించే తల్లికి మాత్రము చిక్కు వచ్చి పడుతుంది. పనికి, బడికి వెళ్లేవారి డబ్బాలో ఏమి పెట్టాలి? పెరుగన్నము లేదు, గుడ్డు పొరటు లేదు. చివరకు తెల్లన్నము, ఒక ఆవకాయ బద్ద. అది తిని సాయంత్రము వరకు పనిచేయమంటే ఒళ్లు ఒప్పుకుంటుందా? ఈ డబ్బాను గూర్చి కూడా దేవుని వాక్యము మనకు నేర్పుచున్నది.

మొదటిది: సాదా భోజనములోనూ తృప్తి ఉన్నది.

రూతు మోయాబు స్త్రీ. పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన తాత ముత్తాతలవలె ఆమె కూడా పరాయి ఊరికి వచ్చినది. యవల కోత కాలమున బోయజు పొలములో పరిగె ఏరుకొన్నది. మధ్యాహ్నము ఆమెకు దొరికినది ఏమిటి? రొట్టె, అద్దుకొనుటకు చిరక, వేయించిన పేలాలు. అక్కడ మాంసము మాట లేదు, పాల మాట లేదు. అయినను ఆమె తిని తృప్తిపొందినదని వ్రాయబడినది. ఎండలో వంగి పనిచేసేవారికి బలమిచ్చే గింజలు అవి. పుల్లని చిరక రుచినిచ్చినది. పేదవారి పళ్లెము రుచిలేనిదిగా ఉండనక్కరలేదు.

రెండవది: దేవుడు మనలను ఉంచిన నేల మన డబ్బాను నింపగలదు.

అన్నములో, రొట్టెలో కొరవడిన మాంసకృత్తులను పప్పుధాన్యములు పూరిస్తాయి. గనుక ప్రతి డబ్బాలో గింజ ధాన్యము ఒకటి, పప్పో వేరుశనగో ఒకటి, కూరగాయో పండో ఒకటి ఉండవలెను. ఈ లెక్కతో మన సంఘములున్న అయిదు చోట్ల నుండి వారమునకు అయిదు డబ్బాలు కట్టవచ్చును.

సోమవారము కర్ణాటక చిత్రాన్నము. వేరుశనగలు, శనగపప్పు చేయి జారనిచ్చి వేయండి. ప్రక్కన నానిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు కలిపిన కోసంబరి. మంగళవారము మహారాష్ట్ర జొన్నరొట్టె, షోలాపూరు వేరుశనగ పొడి, గోంగూర. మన గోంగూరనే మరాఠీవారు అంబాడి అంటారు, తమిళులు పుళిచ్చకీరై అంటారు. పేరు మారినా పులుపు మారలేదు! బుధవారము తమిళనాడు వంతు: నువ్వుల పొడి చల్లిన పులిహోర, కొమ్ముశనగల సుండల్. నువ్వులలో, రాగులలో కాల్షియము మెండుగా ఉన్నది గనుక పాలు మానినవారు వీటిని మరువరాదు. గురువారము ఒడిశా డాల్మా. కందిపప్పులో అరటికాయ, గుమ్మడి, పచ్చి బొప్పాయి ఉడికించి, నెయ్యికి బదులు నూనెతో తిరగమోత పెట్టి, అన్నము వేరే గిన్నెలో సర్దండి. శుక్రవారము యానాం వారివలె రెండు పెసరట్లు, అల్లము పచ్చడి, జామకాయ ముక్కలు.

నిమ్మ, జామ వంటివి ఆకుకూరలలోని ఇనుమును ఒంటికి బాగా పట్టిస్తాయి; తిన్న వెంటనే త్రాగే టీ దానిని అడ్డగిస్తుంది. ఆవిరి ఆరిన తరువాతనే మూత పెట్టండి. కొబ్బరి పచ్చడి ఎండకు త్వరగా పాడవుతుంది గనుక వేసవిలో పెట్టవద్దు. నలభై దినములు కాక సంవత్సరముల తరబడి పాలు, గుడ్లు కూడా మానేవారు బి12 విటమిన్ విషయమై వైద్యుని అడుగవలెను. మొక్కల ఆహారములో అది నమ్మదగినంతగా లభించదు.

మేము బడిలో పనిచేసిన దినములలో, మధ్యాహ్నపు గంట కొట్టగానే తన డబ్బాకు మూత అడ్డుపెట్టుకొని తినే పిల్లలను చూచితిమి. రొట్టెను చూచి సిగ్గుపడేవారు కొందరు, ప్రక్కవాని కూరను చూచి ముక్కు మూసుకొనేవారు కొందరు. మన పిల్లలు ఈ రెంటిలో దేనినీ నేర్చుకొనకూడదు. తినేవాడు తిననివానిని తృణీకరింపకూడదని, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదని అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు బోధించెను (రోమా 14:3). తిరిగి లేచిన ప్రభువే తన శిష్యులకు నిప్పులమీద చేప సిద్ధపరచెను (యోహాను 21:9). గనుక మన ఉపవాసమును ఇతరుల మెడపై కాడిగా పెట్టవద్దు.

మూడవది: మిగిల్చిన ఆ పాలు.

రూతు తృప్తిగా తిని కొంత మిగిల్చి, సాయంకాలము అత్తయైన నయోమికి తెచ్చి ఇచ్చినది. పొలములో కూర్చొని తింటున్నప్పుడు ఇంటిలో ఆకలితో ఉన్న మనిషి ఆమె మనస్సులో ఉన్నది.

మన ఇండ్లలో నయోమి ఎవరు? నాలుగు డబ్బాలు కట్టి పంపి, గిన్నె అడుగున మిగిలినది నీళ్లు పోసుకొని తినే తల్లియే కదా! 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. వీరిలో మన కుమార్తెలు, కోడండ్రు లేరా? ఇంటిల్లిపాది ఉపవాసముండగా ఒక్కతె మాత్రము నిజముగా పస్తుండుట దేవునికి ఇష్టమైన ఉపవాసము కాదు. ఆకలిగొన్నవారికి ఆహారము పెట్టుటే తనకు ఇష్టమైనదని ప్రభువు యెషయా 58లో చెప్పలేదా?

అమ్మలారా, రేపటినుండి డబ్బాలు కట్టేటప్పుడు మీ డబ్బా మొదట కట్టుకొనండి. అదే పప్పు, అదే కూర, అదే పండు. ఇంటివద్ద ఉన్నా సరే, మూత పెట్టి దాచుకొనండి. సహోదరులారా, పొలము యజమానుడైన బోయజు పరదేశి స్త్రీకి పేలాలు తన చేతితో అందించెను. కూరగాయలు తరుగుటకు, డబ్బాలు తోముటకు మన చేతులకు చిన్నతనమేమి?

మాంసము మానినందున మిగిలిన డబ్బుతో, వారమునకు ఒక డబ్బా ఎక్కువ కట్టి, ఒంటరిగా ఉన్న వృద్ధులకో, పనిలేని పొరుగువారికో అందించండి. వారు ఏ భాష మాట్లాడేవారని అడుగవద్దు. బేత్లెహేములో రూతును అలా అడిగి పొమ్మని ఉంటే, ఆమె దావీదు వంశమునకు తల్లి అయ్యేదా?

దినదినము మా ఆహారము దయచేయు తండ్రీ, మా డబ్బాలు కట్టే చేతులను దీవించుము. తృప్తిగా తినుటను, మరచిపోక మిగుల్చుటను మాకు నేర్పుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.